పొడుగు మాటలో బరువెక్కడ?

ఏదీ, ‘ఫోటోగ్రాఫ్’ అనండి. ఆఁ. ఇప్పుడు ‘ఫోటోగ్రఫీ’. ఇంకొక్కటి, ‘ఫోటోగ్రాఫిక్’.

మూడింటినీ ఒకేలా మొదలుపెట్టారు చూశారా? ‘ఫోటో’ వరకూ తేడా లేదు, చివర్లోనే కాస్త మార్చారు. లండన్‌లో పుట్టి పెరిగినవాడు అలా అనడు. మొదటి మాటలో ‘ఫో’ని నొక్కి మిగతాది తేల్చేస్తాడు: ఫో-ట-గ్రాఫ్. రెండో మాటకి వచ్చేసరికి ఆ ‘ఫో’ నీరసించి ఉత్త ‘ఫ’గా మిగులుతుంది, నొక్కు రెండో ముక్క మీద పడుతుంది: ఫ-టా-గ్ర-ఫీ. మూడో మాటలో అదింకా ముందుకు జరిగి ‘గ్రా’ మీదికి చేరుతుంది: ఫో-ట-గ్రా-ఫిక్. ఒకటి, రెండు, మూడు అంటూ నడుచుకుంటూ పోయింది.

“ఎవరు జరిపారు తాతయ్యా?” అంటుంది మా పెద్ద మనవరాలు.

తోక జరిపింది, అమ్మలూ. ఇంగ్లిషులో పొడుగు మాట ఎదురైతే తల దగ్గర కాదు, తోక దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ఇవాళ్టి కబురంతా ఇదే.

ఆ ముక్కల్ని వాళ్లు సిలబుల్స్ అంటారు. మన అక్షరానికి దగ్గరి చుట్టం. ఒక్కో ముక్కకి ఒక్కో అచ్చు ఉండాలి, అంతే లెక్క. మన రాతలో అక్షరం కంటికే కనిపిస్తుంది కాబట్టి ‘కమలం’లో ఎన్నంటే చంటిపిల్లాడైనా మూడంటాడు. ఇంగ్లిషు రాత ఆ సాయం చెయ్యదు. ‘స్ట్రెంగ్త్’ అన్న మాటకి వాళ్ల లిపిలో 8 అక్షరాలు, చెవికి వినపడే సిలబుల్ ఒకటే. ‘ఐడియా’కి 4 అక్షరాలే, సిలబుల్స్ మూడు. కంటిని నమ్ముకుంటే మోసపోతాం. పైగా పలికేటప్పుడు కొన్నిటిని మింగేస్తారు కూడా. మనం ‘వెజిటబుల్’ అని నాలుగూ పలుకుతాం, వాళ్లు ‘వెజ్-ట-బుల్’ అని మూడింటితో సరిపెడతారు. ‘చాకొలెట్’ రెండు ముక్కల్లో అయిపోతుంది.

ఇక ఆ నొక్కు. పుస్తకాల్లో దీన్ని ఊనిక అంటారు. ‘ఒత్తు’ అందామంటే మనకి అక్షరం కింద రాసే ఒత్తులు గుర్తొచ్చి గోల. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు. ఏదైనా గట్టిగా చెప్పాలంటే ఏకారం తగిలిస్తాం: ‘నువ్వు చెప్పావు’ వేరు, ‘నువ్వే చెప్పావు’ వేరు. ఇంగ్లిషువాడు ఆ పనిని గొంతుతో చేస్తాడు. వాళ్లలో ఒకే మాట ఊనిక మారితే నామవాచకం కాస్తా క్రియ అయిపోతుంది. ‘రెకార్డ్’లో మొదటి ముక్క నొక్కితే పాటల రికార్డు, రెండోది నొక్కితే రికార్డు చెయ్యడం. పర్మిట్, ఎక్స్‌పోర్ట్, ఆబ్జెక్ట్ కూడా అంతే.

నొక్కడమంటే గట్టిగా అరవడమేనా? చాలాకాలం అలాగే అనుకున్నారు. 1950లలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డెనిస్ ఫ్రై అనే ఆయన దీన్ని పరీక్షకి పెట్టాడు. మనుషుల చేత కాకుండా యంత్రం చేత ‘ఆబ్జెక్ట్’ లాంటి మాటలు పలికించాడు. ఒకసారి ముక్క గట్టితనం మారుస్తాడు, ఒకసారి పొడవు మారుస్తాడు. విన్నవాళ్లు అది నామవాచకమో క్రియో చెప్పాలి. 1955లో తేల్చిందేమిటంటే, గట్టితనం కంటే అచ్చు ఎంతసేపు సాగిందన్నదే చెవికి పెద్ద గుర్తు. మూడేళ్ల తర్వాత ఇంకో వరస ప్రయోగాలు చేసి, స్వరం ఎగుడుదిగుడు కావడం దానికన్నా బలమైన గుర్తని చూపించాడు. అంటే ఊనికలో సాగదీత ఉంది, స్వరం మార్పు ఉంది. అరుపు వాటా ఆఖరిది.

అంతకుముందు స్టెట్సన్ అనే అమెరికన్ ఒకాయన ప్రతి సిలబుల్‌కీ ఛాతీ కండరాలు ఒక్కో తోపు తోస్తాయని సిద్ధాంతం చేశాడు. వినడానికి బాగుంది. ఎడిన్‌బరోలో పీటర్ లాడెఫోగెడ్, ఆయన తోటివాళ్లు మాట్లాడేవాళ్ల పక్కటెముకల మధ్య కండరాల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు. ముక్కకో తోపు అన్న లెక్క నిలవలేదు. సైన్సులో ఇలాంటివి మామూలే. చక్కగా కనపడిన సిద్ధాంతం సూది గుచ్చగానే గాలి పోతుంది.

ఊనిక పడని ముక్కల గతి ఏమిటో కూడా చూడాలి. వాటిలో అచ్చు తన రంగు పోగొట్టుకుని, అటు అకారమూ కాని ఇటు ఎకారమూ కాని ఒక నీరసపు శబ్దంగా మారుతుంది. దానికి ‘ష్వా’ అని పేరు. ఇంగ్లిషులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు అదే. దానికంటూ ఒక అక్షరం మాత్రం వాళ్ల లిపిలో లేదు! ‘ఆటం’లో రెండో ముక్క ష్వా. ‘అటామిక్’ అనగానే ఆ రెండో ముక్కకి ప్రాణం వచ్చి, మొదటి ముక్క ష్వా అయిపోతుంది. మన పలుకులో ప్రతి అక్షరానికీ నిండు పలుకుబడి ఉంటుంది కాబట్టి మనకిది కాస్త అన్యాయంగానే తోస్తుంది.

సరే, తోకల సంగతి. ఇంట్లోకి వచ్చే మనుషుల్లాగా ప్రత్యయాలు మూడు రకాలు. పక్కింటి బాబాయి వస్తాడు, అరుగు మీద కూర్చుని మాట్లాడి వెళ్తాడు, లోపల కుర్చీ కూడా కదలదు. కొత్త అల్లుడు వస్తే సామానంతా ఈ గదిలోంచి ఆ గదిలోకి మారుతుంది. వియ్యంకుడుగారు వస్తే ఉన్న ఒక్క పడక్కుర్చీలో ఆయనే కూర్చుంటారు.

బాబాయి రకం: నెస్, లెస్, ఫుల్, హుడ్, లీ, మెంట్. ‘వండర్’లో ఊనిక ‘వన్’ మీద. ‘వండర్‌ఫుల్’ అన్నా, ‘వండర్‌ఫుల్లీ’ అన్నా అక్కడే. ‘నైబర్’, ‘నైబర్‌హుడ్’ కూడా అంతే. ఎన్ని తగిలించినా మొదటి ముక్క చలించదు.

అల్లుడి రకం: ఇక్, షన్, ఇటీ, ఇకల్, లజీ, గ్రఫీ, క్రసీ. వీటిలో మళ్లీ రెండు పద్ధతులు. ‘ఇక్’, ‘షన్’ వస్తే ఊనిక సరిగ్గా వాటి ముందు ముక్క మీద పడుతుంది. ‘మాగ్నెట్’కి ‘మాగ్’ మీద ఉన్నది ‘మాగ్నెటిక్’లో ‘నె’ మీదికి పోతుంది. ‘ఎగ్జామిన్’ అన్నప్పుడు ‘జా’ మీద ఉన్నది ‘ఎగ్జామినేషన్’లో ‘నే’కి చేరుతుంది. ‘ఇటీ’, ‘ఇకల్’, ‘లజీ’, ‘గ్రఫీ’, ‘క్రసీ’ వస్తే చివర నుంచి మూడో ముక్క. ‘ఎలక్ట్రిక్’కి ‘లెక్’ మీద, ‘ఎలక్ట్రిసిటీ’కి ‘ట్రి’ మీద. ‘డెమొక్రాట్’కి మొదటి ముక్క, ‘డెమాక్రసీ’కి రెండోది, ‘డెమొక్రాటిక్’కి మూడోది. ఫోటో కథే మళ్లీ! ‘బయాలజీ’లో ‘యా’ మీద, ‘బయలాజికల్’లో ‘లా’ మీద. సైన్సు పుస్తకం తెరిస్తే పేజీకి పది మంది అల్లుళ్లు కనిపిస్తారు.

వియ్యంకుడి రకం కొద్దిమందే. ‘ఈర్’, ‘ఈ’, ‘ఈస్’. ఇంజనీర్‌లో ‘నీర్’ మీద, వాలంటీర్‌లో ‘టీర్’ మీద, ఎంప్లాయీలో చివరి ‘ఈ’ మీద, జపనీస్‌లో ‘నీస్’ మీద. బరువంతా తామే తీసుకుంటాయి.

“అన్నీ ఇలాగే ఉంటాయా?” అని చిన్నవాడి సందేహం. ఉండవురా. ‘పాలిటిక్స్’ చివర ‘ఇక్’ ఉంది, ఊనిక మాత్రం మొదట్లోనే. ‘అరబిక్’, ‘క్యాథలిక్’ కూడా మాట వినవు. లెక్కల ‘అరిథ్మెటిక్’ నామవాచకమైతే ‘రిత్’ మీద, విశేషణమైతే బుద్ధిగా ‘మె’ మీద. అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది మన పసుపు. ‘టర్మరిక్’ కూడా ‘ఇక్’ మాటే, కానీ ఊనిక ‘టర్’ మీదే.

ముందు తగిలించే ఉపసర్గలు మటుకు చాలావరకు మర్యాదస్తులు. ‘అన్‌హ్యాపీ’, ‘ఇంపాసిబుల్’ అన్నప్పుడు అసలు మాటలో ఊనిక ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రెండు మూడు చోట్ల మాత్రం కొంప ముంచుతాయి. ‘ఫైనైట్’కి ముందు ‘ఇన్’ చేరిస్తే ‘ఇన్‌ఫైనైట్’ కావాలి కదా? కాదు, ‘ఇన్‌ఫినిట్’. బరువు ‘ఇన్’ లాక్కుంది, ‘ఫై’ చిక్కి ‘ఫి’ అయింది. ‘ఫేమస్’ నుంచి వచ్చిన ‘ఇన్ఫమస్’ కూడా అంతే.

ఈ గందరగోళానికి కారణం చరిత్రలో ఉంది. పాత ఇంగ్లిషు జర్మానిక్ కుటుంబపు భాష. ఆ ఇంట్లో ఊనిక ధాతువు మొదటి ముక్క మీద మేకు కొట్టినట్టు ఉండేది. 1066లో నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి రాజయ్యాడు. ఆ తర్వాత తరాల తరబడి దర్బారులోనూ న్యాయస్థానంలోనూ ఫ్రెంచి నడిచింది. ఆపైన పండితులు లాటిను, గ్రీకు మాటల్ని గంపలకొద్దీ దింపుకున్నారు. మాటలతో పాటు వాటి తోకలూ, తోకలతో పాటు వాటి లెక్కలూ వచ్చాయి. అందుకే ‘నెస్’, ‘లెస్’, ‘హుడ్’ లాంటి ఇంటి ప్రత్యయాలు ఊనికని కదపవు, ‘ఇటీ’, ‘షన్’ లాంటి లాటిను బాపతువి కదుపుతాయి. (‘మెంట్’ ఫ్రెంచి నుంచే వచ్చింది గానీ అరుగు మీదే కూర్చుంటుంది. భాష మన లెక్కలకి పూర్తిగా ఎప్పుడు లొంగింది గనక.)

ఇప్పుడొక తమాషా. లాటిను లెక్క మీకు ముందే వచ్చు! క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోములో క్వింటిలియన్ అనే అలంకారశాస్త్ర గురువు ఉండేవాడు. ఆయన వివరించిన సూత్రం ఇలా ఉంటుంది: చివరి అక్షరాన్ని వదిలెయ్యి. దాని ముందుది గురువైతే ఊనిక దాని మీదే. లఘువైతే ఇంకో అడుగు వెనక్కి వెయ్యి. గురువంటే దీర్ఘం ఉన్నదో, వెనక హల్లు అడ్డుపడినదో. ‘యమాతారాజభానసలగం’ బట్టీ పట్టినవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు కదా. ఇంగ్లిషు నామవాచకాలు చాలా వరకు ఈ సూత్రాన్నే పట్టుకున్నాయి. 1968లో నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలీ కలిసి ఇంగ్లిషు ధ్వనుల మీద రాసిన పెద్ద పుస్తకంలో ఊనిక సూత్రాలకి మూలం ఇదే లెక్క.

కాగితం తీసి చెయ్యండి. అజెండా: చివరిది వదిలితే ‘జెం’, సున్న ఉంది కాబట్టి గురువు, ఊనిక అక్కడే. అరోమా: ‘రో’ గురువు. పొటాటో: ‘టా’ గురువు. అనకొండ: ‘కొం’ గురువు. ఇప్పుడు అమెరికా: ‘రి’ లఘువు, కాబట్టి వెనక్కి వెళ్లి ‘మె’ మీద. కెమెరా: ‘మె’ లఘువు, ‘కె’ మీద. సినిమా: ‘ని’ లఘువు, ‘సి’ మీద. కెనడా: ‘న’ లఘువు, ‘కె’ మీద. చూశారా, ‘కెమెరా’లో చివర ‘రా’ దీర్ఘమని మనం దాన్ని సాగదీస్తాం, ఇంగ్లిషువాడు దాని వంక చూడనైనా చూడడు. మన ‘అల్జీబ్రా’ మాత్రం ఈ పరీక్షలో తప్పుతుంది. ‘జీ’ దీర్ఘం మనం వేసుకున్నది, అక్కడ అది పొట్టిదే. వెనకున్న ‘బ్ర’ లాంటి జంటల్ని లాటినువాళ్లు గురువు లెక్కలోంచి తప్పించేవారు. అందుకని ఊనిక ‘అల్’ మీద.

‘అల్’ తోక తగిలిన విశేషణాల్లో ఈ గురులఘువుల లెక్క మరీ ముచ్చటగా ఉంటుంది. ‘పేరెంట్’లో మొదటి ముక్క మీదున్నది ‘పరెంటల్’ అయ్యేసరికి ‘రెం’ మీదికి వస్తుంది, అది గురువు కనక. ‘మెడిసిన్’లో ‘మె’ మీదున్నది ‘మెడిసినల్’లో ‘సి’ని దాటుకుని ‘డి’ మీద ఆగుతుంది, ‘సి’ లఘువు కనక.

మాటని ఎక్కడ విరవాలన్నది కూడా ఊనికకి ముడిపడిన సంగతే. మనం పుస్తకం అచ్చువేసేటప్పుడు పంక్తి నిండితే ఏ అక్షరం దగ్గరైనా విరిచి కింద రాసుకోవచ్చు. ఇంగ్లిషులో చిన్న గీత పెట్టాలి, అదీ సరైన చోట. ఆ ‘సరైన చోటు’ ఏదో అట్లాంటిక్‌కి ఇటూ అటూ కూడా ఒప్పందం లేదు. ‘నాలెడ్జ్’ని బ్రిటన్‌లో మాట పుట్టుక చూసి ‘నో’ దగ్గర విరిచేవారు, అమెరికాలో పలుకు చూసి ‘నాల్’ దగ్గర విరుస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ కనూత్ అనే కంప్యూటర్ పండితుడు పుస్తకాలు అందంగా కూర్చడానికి టెక్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. దానికోసం ఆయన శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ ఈ విరుపు మీదే 1983లో డాక్టరేట్ సిద్ధాంతం రాశాడు. సుమారు 4,500 అక్షర నమూనాలతో నిఘంటువులోని విరుపుల్లో 89 శాతం దాకా పట్టేశాడు, తప్పులు దాదాపు లేకుండా. అయినా కొన్ని మాటలకి విడిగా జాబితా పెట్టక తప్పలేదు. అందులో ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’ ఉన్నాయి. వాటిని అసలు విరవొద్దని టెక్‌కి ఆజ్ఞ. ఎందుకంటే బహుమతి అన్న అర్థంలో ఊనిక మొదట ఉండి ‘ప్రెజ్’ దగ్గర విరగాలి, సమర్పించడం అన్న అర్థంలో ఊనిక చివర పడి ‘ప్రి’ దగ్గర విరగాలి. వాక్యం అర్థమైతే గానీ గీత ఎక్కడో తెలియదు. పాపం యంత్రానికి అర్థం ఎక్కడిది!

చంటిపిల్లలు మటుకు ఊనికని ఎంత తొందరగా పట్టుకుంటారో. అమెరికాలో పీటర్ జుషిక్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. ఏడున్నర నెలల పిల్లల్ని అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి మాటలు వినిపించారు, ఏ శబ్దం వైపు ఎంతసేపు తల తిప్పి విన్నారో కొలిచారు. ‘కింగ్‌డమ్’ లాగా మొదట ఊనిక ఉన్న మాటల్ని వాక్యం మధ్యలోంచి పిల్లలు ఏరుకోగలిగారు. ‘గిటార్’లో ఊనిక రెండో ముక్క మీద, దాన్ని ఏరుకోలేకపోయారు. వాక్యాల్లో ‘గిటార్’ వెనక ప్రతిసారీ ‘ఈజ్’ వచ్చేలా వినిపిస్తే, మధ్యలోంచి ‘టారిజ్’ అనేదే ఒక మాట అనుకున్నారు! ఊనిక పడ్డచోట మాట మొదలవుతుందని అప్పటికే వాళ్లకో లెక్క ఉందన్నమాట. మూణ్ణెల్ల తర్వాత, పదిన్నర నెలలకి, ఆ పొరపాటు సర్దుకుంది.

ఆ లెక్క ఊరికే పుట్టలేదు. ఆన్ కట్లర్, డేవిడ్ కార్టర్ 1987లో లెక్కేస్తే, మామూలు సంభాషణలో దొర్లే ముఖ్యమైన ఇంగ్లిషు మాటల్లో సుమారు 90 శాతం నిండు అచ్చున్న బలమైన ముక్కతో మొదలవుతున్నాయి. పెద్దలు కూడా గబగబా మాట్లాడేవాళ్లని వినేటప్పుడు బలమైన ముక్క తగలగానే ‘ఇదిగో కొత్త మాట’ అని పట్టుకుంటారు. అందుకే నా ఉద్దేశం ఏమిటంటే, మన ‘ట’లూ ‘డ’లూ కాస్త మోటుగా ఉన్నా అవతలివాడు సర్దుకుంటాడు. ఊనిక తప్పుచోట వేస్తే మాత్రం మాట ఎక్కడ మొదలైందో తెలియక బిత్తరపోతాడు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఫోన్లో ‘ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది’ అని వాపోయేటప్పుడు నాకు ముందు ఇదే అనుమానం వస్తుంది.

వాళ్లలో వాళ్లకి పేచీలు లేవనుకునేరు. ‘బాల్కనీ’కి ఇప్పుడు అందరూ ‘బాల్’ నొక్కుతారు. ఒకప్పుడు ‘కో’ నొక్కేవారు. 1855లో పోయిన శామ్యూల్ రోజర్స్ అనే కవికి ఈ కొత్త పలుకు వింటే కడుపులో తిప్పేదట, అలాగని బాహాటంగానే చెప్పుకున్నాడు. ‘లాబొరేటరీ’కి బ్రిటన్‌లో రెండో ముక్క, అమెరికాలో మొదటి ముక్క. ‘అడ్వర్టైజ్‌మెంట్’కి బ్రిటన్‌లో ‘వర్’ మీద, అమెరికాలో ‘టైజ్’ మీద. ‘కిలోమీటర్’ తగువు మరీ రంజుగా ఉంటుంది. కొలత ప్రమాణాలకి ఊనిక మొదట్లో: సెంటీమీటర్, మిల్లీమీటర్. కొలిచే పరికరాలకి చివర నుంచి మూడోది: థర్మామీటర్, బారోమీటర్. కిలోమీటర్ ప్రమాణమే, కాబట్టి ‘కి’ మీదే ఉండాలి. కానీ థర్మామీటర్ పక్కన తిరిగి తిరిగి చాలామంది నోట ‘కిలామిటర్’ అయిపోయింది. పరికరం కానిదాన్ని పరికరాల వరసలో నిలబెట్టారు. నా మటుకు నేను ‘కి’ పక్షమే.

చివరగా ఒక కొండచిలువని పట్టుకుందాం. ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’. ఇంగ్లిషు లిపిలో 28 అక్షరాలు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో చర్చికి రాజ్యంతో ఉన్న అధికారిక ముడి తెంచెయ్యాలన్నవాళ్లని వ్యతిరేకించే వాదమని అర్థం. భయపడకండి, విప్పుదాం. నడుమ ఉన్నది ‘ఎస్టాబ్లిష్’, ఊనిక ‘టాబ్’ మీద. ‘మెంట్’ చేరింది, బాబాయి రకం, కదపలేదు. ముందు ‘డిస్’, ‘యాంటీ’ వచ్చాయి, అవీ కదపలేదు. అప్పుడు ‘ఏరియన్’ వచ్చింది. అది బరువు తానే తీసుకునే రకం కనక ఊనిక ‘టే’ మీదికి వచ్చింది. పాత ‘టాబ్’కి రెండో తరగతి నొక్కు మిగిలింది. పొడుగు మాటల్లో అలా ఒకటి అర చిన్న నొక్కులు ఉంటాయి. ఆఖరున ‘ఇజం’, అది కదిపే రకం కాదు. అయిపోయింది.

రేపటికి మీకో పని. ‘నేషన్’, ‘నేషనల్’, ‘నేషనాలిటీ’, ‘నేషనలైజేషన్’. నాలుగింటికీ ఊనిక ఎక్కడో చెప్పండి. నిఘంటువు తర్వాత చూడొచ్చు, ముందు తోకలు చూడండి.